కార్నిటిన్ వేసుకుంటే రక్తం పడుతుందా? అపోహలు - వాస్తవాలు

పుత్తూరు, పలమనేరు వైపు నుంచి తిరుపతికి డయాలసిస్‌కు వచ్చేవారి మందుల సంచిలో ఎల్-కార్నిటిన్ మాత్రల అట్ట తరచుగా కనిపిస్తోంది. ఎవరు రాశారని అడిగితే, పక్క మంచం ఆయన వాడుతున్నారని కొందరు, బలానికని మందుల షాపులో ఇచ్చారని కొందరు చెబుతారు.

అపోహ: కార్నిటిన్ రక్తం పట్టే మందు.

వాస్తవం: కాదు. కొవ్వు ఆమ్లాలను కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి చేరవేయడం దాని పని. కాలేయం, మూత్రపిండాలు దాన్ని తయారుచేస్తాయి. మాంసం, పాల నుంచీ అందుతుంది. డయాలసిస్‌లో కొంత కొట్టుకుపోతుందన్న మాట నిజమే. అది తగ్గితే ఎర్రకణాల పొర బలహీనపడి అవి త్వరగా నశిస్తాయని, భర్తీ చేస్తే, కిడ్నీ రోగులకు రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ సూది బాగా పనిచేస్తుందని వైద్యులు ఆశించారు. పాత చిన్న అధ్యయనాలు కొన్ని ఆ ఆశను పెంచాయి కూడా. కానీ కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టినవారికి ప్రతిసారీ చివర్లో ఒక గ్రాము చొప్పున ఏడాదిపాటు ఇచ్చి చూసిన ఫ్రాన్స్ పరిశోధనలో (2012) సూది ప్రభావం ఏమీ మెరుగుపడలేదు. అదే ఏడాది అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు కూడా సూదికి తోడుగా కార్నిటిన్ వాడవద్దనే సూచించాయి.

అపోహ: సూది పనిచేయకపోతే మోతాదు పెంచాలి, లేదా ఇంకో మందు చేర్చాలి.

వాస్తవం: ముందు కారణం వెతకాలి. నేను మొదట చూసేది మెడ దగ్గరి క్యాథెటర్ (డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం). కొందరికి కట్టు విప్పితే చుట్టూ ఎర్రబారి, నొక్కితే కాస్త చీము కనిపిస్తుంది. జ్వరం ఉండకపోవచ్చు. అయినా లోపల ఇన్ఫెక్షన్ ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే, ఇనుమును బయటికి రానివ్వని హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. అప్పుడు ఒంట్లో ఇనుము ఉన్నా అది తాళం వేసిన బీరువాలో డబ్బులాంటిదే. రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) ఎక్కువగా ఉండి, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో వాడకానికి అందే ఇనుము) తక్కువగా ఉంటే నాకు ముందు ఇదే అనుమానం. తర్వాత మోకాళ్ల నొప్పుల మాత్రలతో కడుపులో రక్తం పోతోందా, పారాథైరాయిడ్ హార్మోను పెరిగిందా అని చూస్తాను. డయాలసిస్ సరిపడా జరగకపోయినా సూది సరిగా పనిచేయదు. ఆఖరి బస్సు కోసం అరగంట ముందే మిషన్ ఆపించుకునే అలవాటు గురించి మాత్రం అడగక్కర్లేదు, సిస్టర్లే చెబుతారు!

అపోహ: హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిది.

వాస్తవం: సూదితో 13 దాటించకూడదు. పక్షవాతం ముప్పు, ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళంలో) రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతాయి. సాధారణంగా 10 నుంచి 11.5 మధ్య చాలు.

అపోహ: ఖర్జూరం, దానిమ్మ రసం తాగితే సరిపోతుంది.

వాస్తవం: వాటిలోని పొటాషియం గుండె లయనే దెబ్బతీయవచ్చు.

అపోహ: కార్నిటిన్‌తో లాభం లేకపోయినా నష్టం లేదు కదా.

వాస్తవం: మాత్రగా మింగితే పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. కిడ్నీలు పనిచేయనివారిలో ఆ పదార్థాలు పేరుకుపోతాయి, ఒంటి నుంచి చేపల వాసన కూడా రావచ్చు. లోపం ఉందని పరీక్షలో తేలినవారికి డయాలసిస్ చివర్లో ఇచ్చే ఇంజెక్షన్ సంగతి వేరు, అది డాక్టరు చూసుకుంటారు.

అపోహ: ఇవన్నీ ఎందుకు, రెండు సీసాల రక్తం ఎక్కిస్తే పోతుంది.

వాస్తవం: అత్యవసరమైతే ఎక్కిస్తాం. కానీ ఇతరుల రక్తానికి ఒంట్లో యాంటీబాడీలు తయారైతే రేపు సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. అవయవ మార్పిడి కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నవారు ఎక్కడ రక్తం ఎక్కించబోయినా ఆ సంగతి ముందే చెప్పండి.