అపోహలు – వాస్తవాలు: అడిగినంతా ఇవ్వడమే ‘శియావ్’ కాదు

సింగపూర్‌లో చైనీయ కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. నా ఎదుట కూర్చుని గొంతు తగ్గించి చాలామంది అడిగేది ఒకటే: “ఇవ్వనంటే నేను బు శియావ్ అవుతానా?” శియావ్ అంటే కన్నవాళ్ల పట్ల పిల్లలకు ఉండాల్సిన భక్తి, బాధ్యత. అది లేనివాడు, కన్నవాళ్ల బాగోగులు పట్టనివాడు అని ఆ తిట్టుకు అర్థం. చైనీయుల ఇళ్లలో అంతకన్నా బరువైన మాట లేదు.

అపోహ: కన్నవాళ్లు ఏం చేసినా, ఏం అడిగినా కాదనకూడదు.

ఈ ఒక్క నమ్మకంతో ఇల్లు అమ్ముకోబోయినవాళ్లను చూశాను. ఒకావిడ టిఫిన్ స్టాల్ నడుపుతుంది. ఆమెకు ఆరేళ్లప్పుడు ఇల్లు వదిలిపోయిన తండ్రి, డెబ్బై దాటాక జూదం అప్పులతో తిరిగొచ్చాడు. “తండ్రి అప్పు కొడుకు తీర్చాలి” అనే పాత సామెత చెప్పి బంధువులంతా ఆమె మీద పడ్డారు. రెండు వారాలు నిద్రలేదట.

సామెత చట్టం కాదు. ఆమె హామీ సంతకం పెట్టకపోతే ఆ అప్పు ఆమెది కాదు. సింగపూర్‌లో 1995 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం 60 దాటి, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల్ని భరణం అడగొచ్చు, నిజమే. కానీ ఆ కేసులు వినే ట్రిబ్యునల్ పిల్లల సొంత సంసారం ఖర్చులూ చూస్తుంది. చిన్నప్పుడు వదిలేశారని, హింసించారని తేలితే భరణం తగ్గించవచ్చు, కొట్టేయవచ్చు కూడా. ఈ సగం ఎవరూ చెప్పరు, మొదటి సగంతోనే బెదిరిస్తారు!

పోనీ శాస్త్రం ఒప్పుకోదా? శియావ్ గురించిన ప్రాచీన చైనా గ్రంథం ‘శియావ్ జింగ్’లో శిష్యుడు జెంగ్‌జి “తండ్రి ఆజ్ఞ పాటించడమే శియావ్ అనుకోవచ్చా?” అని అడిగితే, “ఇవేం మాటలు!” అని కన్ఫ్యూషియస్ రెండుసార్లు మందలిస్తాడు. తండ్రి తప్పు చేస్తుంటే అడ్డు చెప్పే కొడుకు ఉండాలంటాడు.

అపోహ: డబ్బు పంపితే చాలు. కుక్కలకూ గుర్రాలకూ తిండి పెడతాం, గౌరవం లేకపోతే తేడా ఏముందని కన్ఫ్యూషియసే అడిగాడు. చైనాలోనైతే, దూరంగా ఉండే పిల్లలు తరచూ వచ్చి చూడాలని, లేదా పలకరించాలని 2013 నుంచి చట్టంలోనే ఉంది.

అపోహ: పెళ్లైన కూతురికి బాధ్యత లేదు. ఉంది. రెండు దేశాల్లోనూ.

ఆ స్టాల్ ఆవిడ అప్పు తీర్చలేదు. ఆదివారాలు స్టాల్ మూశాక సూప్ గిన్నె పట్టుకుని తండ్రి దగ్గరికి వెళ్తోంది. ఆయన తినేదాకా కూర్చుంటుంది. చేతికి డబ్బు మాత్రం ఇవ్వదు.