బోరుకొచ్చిన ఇంజిన్‌లో ఏది ఎందుకు అరుగుతుంది?

పాత ట్రక్కు ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే లోపల అరిగి పూర్తిగా విప్పి బాగుచేయాల్సి వచ్చిందని, విప్పకముందే తెలిసిపోతుంది. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, లోడు మీద పికప్ ఉండదు, వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారుతుంది. ఇంజిన్ విప్పగానే ఏ పార్టులు మార్చాలని అడుగుతారు. దానికంటే ముందు ఏది ఎంత అరిగిందో చూడాలి, ఎందుకంటే అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

సిలిండర్‌నే తీసుకోండి. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ చుట్టూ, ఒకచోట తెగి ఉండే లోహపు రింగులు ఉంటాయి. పిస్టన్ వేగంగా కదులుతున్నంతసేపూ రింగుకీ గోడకీ మధ్య సన్నని ఆయిల్ పొర నిలుస్తుంది. పైకి చేరిన పిస్టన్ కిందికి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. డీజిల్ మండేది కూడా దాదాపు అప్పుడే. ఆ ఒత్తిడి పై రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి అదుముతుంది. పొర పలచబడి లోహం లోహాన్ని రాస్తుంది. అందుకే సిలిండర్ పైభాగం ఎక్కువ అరుగుతుంది. రింగు చేరని అంచు మాత్రం చిన్న మెట్టులా మిగిలిపోతుంది, గోరుతో తడిమితే తగులుతుంది.

ఇలాంటి సిలిండర్‌లో రింగులు మాత్రం మార్చి సరిపెట్టడం డబ్బు దండగ. వ్యాసం ఎంత పెరిగితే రింగు చివరల మధ్య సందు దానికి 3.14 రెట్లు పెరుగుతుంది. పైన 0.2 మి.మీ. అరిగి ఉంటే సందు అక్కడ దాదాపు 0.63 మి.మీ. ఎక్కువవుతుంది, కిందికి రాగానే మళ్లీ తగ్గుతుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఆ రింగు సెకనుకు 25 సార్లు ఇలా తెరుచుకుని మూసుకోవాలి. పైగా కొత్త రింగు పదునైన అంచు ఆ మెట్టుకు కొట్టుకుంటే విరగొచ్చు కూడా. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలవాలి. హద్దు దాటితే లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) మార్చాలి, లేదా బోరింగ్ చేయించి, అంటే సిలిండర్‌ను కాస్త పెద్దగా తొలిపించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి.

నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) బేరింగ్. అక్కడ తిరిగే షాఫ్టే ఆయిల్‌ను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోయి, ఆ ఒత్తిడి మీద తాను తేలుతుంది. 1880లలో బోషాంప్ టవర్ అనే ఇంగ్లిష్ ఇంజినీర్ రైలు ఇరుసుల బేరింగ్‌లను పరీక్షిస్తూ ఒకదానికి పైనుంచి రంధ్రం వేశాడు. అందులోంచి ఆయిల్ ఉబికి వచ్చింది. బిరడా పెడితే దాన్నీ బయటికి నెట్టేసింది. దీని వెనకున్న గణితాన్ని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ చెప్పాడు.

80 మి.మీ. షాఫ్ట్ చుట్టూ ఉండే ఖాళీ సుమారు 0.08 మి.మీ. మాత్రమే. ఆ ఖాళీ రెట్టింపైతే, అదే ఒత్తిడిలో అంచుల నుంచి కారిపోయే ఆయిల్ ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి ప్రెషర్ పడిపోయిందని ఆయిల్ పంపు ఒక్కటే మారిస్తే, తప్పు అందులో లేనప్పుడు లాభం ఉండదు. షాఫ్ట్ గీతలు పడినా, గుండ్రదనం తప్పినా గ్రైండింగ్ చేసి 0.25 లేదా 0.50 మి.మీ. అండర్‌సైజ్ బేరింగ్‌లు, అంటే సన్నబడిన షాఫ్ట్‌కు సరిపోయేవి, వేస్తారు. గ్రైండింగ్‌లో జర్నల్ (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం) అంచు దగ్గరున్న గుండ్రని వంపును పోనివ్వకూడదు. అక్కడ మూల పదునుగా మారితే పగులు మొదలయ్యేది అక్కడే.

కలిసి అరిగిన జతలను విడదీయకూడదు. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ, దాని మీద ఆనుకుని కదిలే టాపెట్లనూ చూడండి. కొత్త క్యామ్ షాఫ్ట్‌కు పాత టాపెట్లు వేస్తే కొత్తదీ త్వరగా పాడవుతుంది. మళ్లీ వాడే టాపెట్లకు విప్పేటప్పుడే నంబర్లు వేసి, దేని చోట దాన్నే పెట్టాలి.

హోనింగ్ చేసిన, అంటే రాపిడి రాళ్లతో సానపట్టిన, సిలిండర్ గోడ అద్దంలా మెరవకూడదు. ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని గీతలుండాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. ఆ పనిలో రాలిన రాపిడి పొడిని సబ్బునీళ్లతో, బ్రష్‌తో కడిగి, తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు తుడిచి, వెంటనే ఆయిల్ రాయాలి. స్టార్ట్ చేశాక గంటల తరబడి ఐడిల్‌లో వదిలేయకూడదు. మితమైన లోడు పడితేనే రింగులు గోడకు ఆనుకుని కుదురుకుంటాయి. ఈ మొదటి దశలో రాలిన లోహపు రజను ఆయిల్‌లో చేరుతుంది కాబట్టి, మొదటి ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మామూలు గడువుకంటే ముందే మార్చేస్తారు.