గ్రాండ్‌స్లామ్ సొమ్ములో వాటా: పార్కింగ్ స్థలంలో చీలిన దారులు

గ్రాండ్‌స్లామ్ టోర్నీల ఆదాయంలో ఆటగాళ్లకు ఎంత దక్కాలన్న తగవు మళ్లీ రాజుకుంది. పురుషుల, మహిళల ర్యాంకింగ్స్‌లో ముందున్నవారు 2025లో నాలుగు టోర్నీల నిర్వాహకులకూ ఉమ్మడిగా లేఖ రాసి, 2030 నాటికి ఆదాయంలో 22 శాతం తమకు రావాలని కోరారు. ఆ ఏడాది ఆటగాళ్లకిచ్చే మొత్తం సొమ్మును వింబుల్డన్ 5.35 కోట్ల పౌండ్లకు, యూఎస్ ఓపెన్ 9 కోట్ల డాలర్లకు పెంచినా పేచీ తెగలేదు. ఆదాయంలో వాటాను ఆటగాళ్లతో కూర్చుని తేల్చవలసిన బాధ్యత ఏ గ్రాండ్‌స్లామ్‌కూ లేకపోవడమే దానికి కారణం.

అప్పటివరకు అమెచ్యూర్లకే పరిమితమైన గ్రాండ్‌స్లామ్‌లలో 1968లో ప్రొఫెషనల్స్‌కు తలుపులు తెరుచుకున్న కథ అందరికీ తెలిసిందే. నేటి చిక్కుముడి పడింది మాత్రం 1988 యూఎస్ ఓపెన్‌లో. అప్పటివరకు పురుషుల టెన్నిస్‌ను నడిపిన మండలిలో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యకు, టోర్నీలకు, ఆటగాళ్లకు మూడేసి స్థానాలుండేవి. తమ మాట చెల్లడం లేదని విసిగిన ఆటగాళ్ల సంఘం ఏటీపీకి అప్పుడు హామిల్టన్ జోర్డాన్ సారథి. జిమ్మీ కార్టర్ హయాంలో వైట్‌హౌస్ వ్యవహారాలు నడిపిన ఆయన విలేకరుల సమావేశానికి గది అడిగితే నిర్వాహకులు ఇవ్వలేదు. దాంతో గేటు బయట, పార్కింగ్ స్థలంలోనే మైకు ముందు నిలబడి, సొంత టూర్ పెట్టుకుంటామని ప్రకటించారు. వెంట నిలిచిన ఆటగాళ్లలో మాట్స్ విలాండర్ ఒకడు. ఆ టోర్నీ గెలిచి నంబర్ వన్ అయిందీ అతడే. (కొద్ది నెలలకే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అతణ్ని ఇంటికి పంపిన రమేశ్ కృష్ణన్‌ను మనవాళ్లు మరిచిపోయి ఉండరు.)

1990లో మొదలైన ఏటీపీ టూర్ బోర్డులో సగం ఆటగాళ్లు, సగం టోర్నీల ప్రతినిధులు. గ్రాండ్‌స్లామ్‌లు మాత్రం ఆ గొడుగు కిందికి రాలేదు. పైగా అదే ఏడాది సమాఖ్య మ్యూనిక్‌లో గ్రాండ్‌స్లామ్ కప్ పేరిట పోటీ దుకాణం తెరిచి, విజేత పీట్ సంప్రాస్‌కు 20 లక్షల డాలర్లు ఇచ్చింది. అంతకు మూడు నెలల ముందు యూఎస్ ఓపెన్ గెలిచినందుకు అతడికి దక్కింది 3.5 లక్షలు. పంతం వస్తే డబ్బు ఎక్కడి నుంచో పుట్టుకొస్తుందని అప్పుడే తేలింది.

తన మిగులులో 90 శాతం బ్రిటన్ టెన్నిస్ సంఘానికే వెళుతోందని, అది ఆట అభివృద్ధికి ఖర్చవుతోందని వింబుల్డన్ చెబుతుంది. ఆ మాట నిజమే. అయితే ఆట అభివృద్ధి అంటే ఆడేవాడి బతుకు కూడా కదా! తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని 2023లో భారత ఆటగాడు సుమిత్ నాగల్ వాపోయాడు. విమానం టికెట్లు, హోటళ్లు, కోచ్ జీతం అన్నీ ఆటగాడి జేబులోంచే పోవాలి. కొద్ది నెలల తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి, 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించి రెండో రౌండ్ చేరినందుకు అతడికి 1.8 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దక్కాయి. ఆ ఒక్క గెలుపు రాకపోతే ఆ ఏడాది ఎలా గడిచేదో ఊహించవచ్చు.

ఇంతటి ఆకర్షణ ఉన్న టోర్నీలకు దూరంగా ఉండగలమా అన్నదే ఆటగాళ్ల బలహీనత. 1973లో యుగోస్లావియా ఆటగాడు నికీ పిలిచ్‌పై సస్పెన్షన్‌కు నిరసనగా 81 మంది వింబుల్డన్‌ను బహిష్కరించారు. ముందటి ఏడాది విజేత స్టాన్ స్మిత్ కూడా కిరీటం వదులుకున్నాడు. మరి 2022లో? రష్యా, బెలారస్ ఆటగాళ్లపై నిషేధానికి ప్రతిగా ఏటీపీ, మహిళల టూర్ నడిపే డబ్ల్యూటీఏ వింబుల్డన్‌కు ర్యాంకింగ్ పాయింట్లు రద్దు చేసినా, అగ్రశ్రేణి ఆటగాళ్లు వరుసగా వచ్చి ఆడారు.

అందుకే ఈసారి పోరు కోర్టు మెట్లెక్కింది. జొకోవిచ్, కెనడా ఆటగాడు పాస్పిసిల్ 2020లో స్థాపించిన కొత్త ఆటగాళ్ల సంఘం పీటీపీఏ 2025 మార్చిలో న్యూయార్క్‌లో ఏటీపీ, డబ్ల్యూటీఏ, అంతర్జాతీయ సమాఖ్యలపై దావా వేసింది; గ్రాండ్‌స్లామ్‌లను తర్వాత చేర్చింది. వాదుల జాబితాలో పాస్పిసిల్ ఉన్నాడు. జొకోవిచ్ పేరు లేదు.