4కె మానిటర్ కొన్నారు, బొమ్మ వచ్చే దారి చూశారా? (అపోహలు - వాస్తవాలు)

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు అమ్మడమూ, బిగించడమూ, బాగుచేయడమూ నా జీవనోపాధి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు పెరిగినప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం దాదాపు మాట కూడా మారకుండా వస్తోంది. కొత్తగా 4కె మానిటర్ కొన్నాం, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది, పేజీ జరిపితే అక్షరాలు గెంతుతున్నాయి, గంట కూర్చుంటే తలనొప్పి వస్తోంది, పాడైన సరుకు అంటగట్టారు అని. అలా తెచ్చిన మానిటర్‌ను దుకాణంలో నా కంప్యూటర్‌కు తగిలించి చూస్తే చాలాసార్లు నిక్షేపంగా పనిచేస్తుంది. లోపం ల్యాప్‌టాప్ నుంచి మానిటర్ దాకా బొమ్మ వచ్చే దారిలో ఉంటుంది.

అపోహ: మానిటర్ 4కె అయితే చాలు, దేనికి తగిలించినా 4కె వస్తుంది.

వాస్తవం: మిగతా అపోహలన్నీ కలిసి పోగొట్టే డబ్బు కన్నా ఈ ఒక్క నమ్మకం పోగొట్టేదే ఎక్కువ గనుక, దీన్ని లెక్కలతో సహా చెబుతాను. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటాయి. ఫుల్ హెచ్‌డీకి (1920, 1080) ఇది సరిగ్గా నాలుగింతలు. ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున ఈ తెర మొత్తాన్ని సెకనుకు 60 సార్లు పంపాలంటే పిక్సెళ్ల సమాచారానికే దాదాపు 12 గిగాబిట్ల దారి కావాలి. ల్యాప్‌టాప్ నుంచి తెరకు బొమ్మను మోసే పోర్టు హెచ్‌డీఎంఐ. 2009లో వచ్చిన దాని 1.4 వెర్షన్ నిజంగా మోయగలిగింది సెకనుకు 8 గిగాబిట్ల పైచిలుకు మాత్రమే. అయినా ఆ పోర్టు 4కె చూపిస్తుంది, కాకపోతే సెకనుకు 30 సార్లే చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే వస్తోంది. బొమ్మ అసలే రాకపోతే ఎవరైనా ముందు కేబులునూ పోర్టునూ అనుమానిస్తారు. బొమ్మ వచ్చి, సెట్టింగుల్లో 3840, 2160 అనే అంకెలు కూడా సరిగ్గా కనిపిస్తే, ఇక మానిటరే చెడిపోయిందని తేల్చుకుంటారు. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతోనే నడుస్తాయి కాబట్టి సినిమా చూసేటప్పుడు ఈ 30 తెలియదు. మౌస్ కదిపినప్పుడూ, పొడవైన ఎక్సెల్ షీటును జరిపినప్పుడూ తెలుస్తుంది.

2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0కు ఈ ఇబ్బంది లేదు, 4కెను 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు, పంపుతుంది. "మా ల్యాప్‌టాప్ కొత్తదే కదండీ" అనే మాట ఇక్కడే వినబడుతుంది. కొత్త ప్రాసెసర్ వేసి, పోర్టు దగ్గర మాత్రం పొదుపు చేసి 1.4తో సరిపెట్టిన మోడళ్లు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి. బయటి నుంచి చూస్తే రెండు పోర్టులూ ఒకేలా ఉంటాయి, పక్కన అంకె రాసి ఉండదు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ సంఖ్యను తీసుకుని, తయారీదారు సైటులో ఆ మోడల్ వివరాల పేజీ తెరిచి చూడటం తప్ప మరో మార్గం లేదు. అందుకే నేను మానిటర్ అడిగినవారిని ముందు ల్యాప్‌టాప్ మోడల్ సంఖ్య అడుగుతాను. కొందరు దీన్ని బేరం వాయిదా వేసే ఎత్తుగడ అనుకుంటారు, అనుకోనివ్వండి.

కరీంనగర్ నుంచి ఒక కుర్రవాడు 27 అంగుళాల మానిటర్‌ను దుప్పటిలో చుట్టుకుని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. వేరేచోట కొన్నది, మార్చి ఇవ్వమంటే వాళ్లు వినలేదు. మొదటి ఉద్యోగం, మొదటి పెద్ద ఖర్చు, ఇంట్లో నాన్నకు ఇంకా చెప్పలేదట. "అన్నా, ఇది పోయినట్టేనా?" అని అడిగిన ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అతని ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంది, కానీ పక్కనే వీడియో పంపగల టైప్-సి పోర్టు కూడా ఉంది. టైప్-సి నుంచి మానిటర్‌కున్న డిస్‌ప్లేపోర్టుకు (హెచ్‌డీఎంఐ లాంటిదే మరో వీడియో పోర్టు) వెళ్లే కేబులు ఒకటి తగిలించాను, 60 హెర్ట్జ్ వచ్చింది. మానిటర్‌కు అతను పెట్టిన డబ్బుతో పోలిస్తే ఆ కేబులు ధర లెక్కలోకి రాదు.

ఇప్పటికే కొని కంగారు పడుతున్నవారు దుకాణానికి పరుగెత్తే ముందు ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతోందో, కనిపిస్తుంది. 30 అని ఉండి, కింద 60 ఎంచుకునే వీలుంటే ఎంచుకోవాలి, అంతే. ఆ వీలు లేకపోతే మానిటర్ బటన్లతో తెరుచుకునే మెనూలో చూడాలి, ఎందుకంటే కొన్ని మానిటర్లు పాత యంత్రాలకు కూడా బొమ్మ రావాలన్న ఉద్దేశంతో హెచ్‌డీఎంఐను 1.4 పద్ధతిలో పెట్టి పంపుతాయి, దాన్ని 2.0కు మార్చాల్సి ఉంటుంది.

అపోహ: టైప్-సి పోర్టు ఉంటే వీడియో వచ్చి తీరుతుంది.

వాస్తవం: టైప్-సి అనేది పోర్టు ఆకారం పేరు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సదుపాయం ఉన్న టైప్-సి మాత్రమే నేరుగా బొమ్మను పంపుతుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటి టైప్-సి పోర్టు కేవలం డేటాకో, ఛార్జింగుకో పరిమితం. పోర్టు పక్కన 'డి' అక్షరంలో 'పి' ఇమిడినట్టుండే గుర్తు గానీ, పిడుగు గుర్తుతో థండర్‌బోల్ట్ గానీ ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఏ గుర్తూ లేనంత మాత్రాన రాదని కాదు, మళ్లీ మోడల్ పేజీ చూడాల్సిందే. కేబులు సంగతి వేరే ఉంది. ఫోన్ ఛార్జరుతో వచ్చే టైప్-సి కేబులులో సాధారణంగా వీడియో పంపే తీగలే ఉండవు, దాన్ని తగిలించి మానిటర్ చెడిపోయిందని ఫోన్ చేసేవారికి కొదవ లేదు.

ఈ విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. అమీర్‌పేటలో ఒక చిన్న కార్యాలయానికి నాలుగు హబ్‌లు (ఒక్క టైప్-సి పోర్టు నుంచి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లాంటి పలు పోర్టులు తీసిచ్చే పెట్టెలు) ఇచ్చాను, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 4కె అని ఉంది. వెనక చీమతలకాయంత అక్షరాలతో 30 హెర్ట్జ్ అని రాసి ఉన్న సంగతి వాళ్లు ఫోన్ చేశాకే చదివాను. హబ్ లోపల టైప్-సిలోని నాలుగు దారుల్లో రెండింటిని యూఎస్‌బీ డేటాకు కేటాయిస్తే, వీడియోకు రెండే మిగులుతాయి. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఆ రెండూ 4కెకు 60 హెర్ట్జ్‌లో చాలవు. నాలుగింటినీ వెనక్కి తీసుకున్నాను, ఆ నెల లాభం అక్కడికే సరి.

మ్యాక్‌బుక్ వాడేవారికి ఒక్క మాట. ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్ నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. రెండు కొనేసి నా దగ్గరకు రావద్దు.

అపోహ: 4కెలో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, రిజల్యూషన్ తగ్గించి వాడుకోవాలి.

వాస్తవం: తగ్గించాల్సింది రిజల్యూషన్ కాదు, పెంచాల్సింది స్కేలింగు, అంటే తెర మీద అక్షరాలనూ బొమ్మలనూ పెద్దవి చేసే సెట్టింగు. 27 అంగుళాల 4కె తెరను 1920, 1080కు దించితే ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు 4కె ధర పెట్టినట్టే. స్కేలింగును 150 శాతం దగ్గర పెడితే అక్షరాలు అదే పరిమాణంలోని క్యూహెచ్‌డీ (2560, 1440) మానిటర్‌లో ఉన్నంత పెద్దవిగానే ఉంటాయి, కానీ ఒక్కో అక్షరాన్ని గీయడానికి రెట్టింపుకు పైగా పిక్సెళ్లు పనిచేస్తాయి.

తెలుగు చదివేవారికి, అందులోనూ ప్రూఫులు దిద్దేవారికి, ఈ తేడా ఇంగ్లీషు చదివేవారికన్నా ఎక్కువగా తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకులు 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద పుస్తకాల ప్రూఫులు చూసేవారు. ద, ధ, థల తేడా పట్టుకోవడానికి పేజీని 200 శాతానికి పెంచుకోవాల్సి రావడంతో చూపు తగ్గిందనుకుని రెండుసార్లు కళ్లద్దాలు మార్పించుకున్నారు. ఆ తెరలో అంగుళానికి 82 పిక్సెళ్లే ఉంటాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అవి 92, 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 109, అదే పరిమాణంలోని 4కెలో 163. "రాష్ట్రం" అనే మాటలో ష కింద టవత్తు, దాని పక్కన రవత్తు, ఇవన్నీ 82 పిక్సెళ్లలో అలుక్కుపోక ఏం చేస్తాయి? ఆయన టేబుల్ మీద నా దగ్గరున్న 4కె మానిటర్ పెట్టి, అదే ఫైలు తెరిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, "అయితే కళ్లది తప్పు కాదన్నమాట, మూడు నెలలుగా అనవసరంగా భయపడ్డాను" అన్నారు. పరిమాణం పెంచి రిజల్యూషన్ పెంచకపోతే పిక్సెళ్లే పెద్దవవుతాయి.

ఇందులో ఒక మినహాయింపు చెప్పకపోతే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ మిత్రులు నన్ను నిలదీస్తారు. పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములకు స్కేలింగు అంటే ఏమిటో తెలియదు, కాబట్టి 150 శాతంలో అవి మసకగా కనిపిస్తాయి. ప్రోగ్రాము ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో హై డీపీఐ సెట్టింగును మార్చితే కొంత మెరుగుపడవచ్చు, పూర్తిగా పోదు. రోజంతా అందులోనే పనిచేసేవారికి నేను 4కె అమ్మను, 27 అంగుళాల క్యూహెచ్‌డీ తీసుకోమంటాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 4కెకు విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలన్నది అపోహ. ఆటలకు కావాలి, ఆఫీసు పనికి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే చాలు. 4కె కళ్లకు చేటు అన్నది వాట్సాప్ కథ. గది చీకటిగా ఉంచి వెలుగు నూరు శాతం పెట్టుకుంటే ఏ తెర అయినా కళ్లను నొప్పిస్తుంది. పెట్టె మీది "1 మిల్లీసెకను" అన్న అంకెను (పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం) డాక్యుమెంట్లు రాసుకునేవారు చూడనక్కర్లేదు. వెలుగునీడల తేడాను బాగా చూపిస్తుందని చెప్పే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టవద్దు, ఆ స్థాయికి తెరలో భాగాలవారీగా వెలుగు తగ్గించే ఏర్పాటు తప్పనిసరి కాదు. బంగారు పూత కేబులు బొమ్మను మెరుగుపరచదు. 4కె 60 హెర్ట్జ్‌కు ప్రీమియం హై స్పీడ్ అనే లేబుల్ ఉన్న మామూలు కేబులు సరిపోతుంది.

ఇక 43 అంగుళాల 4కె టీవీ చవకగా వస్తోంది, దాన్నే మానిటర్‌గా వాడుకుంటామనేవారు కొనే ముందు దుకాణంలోనే మీ ల్యాప్‌టాప్ తగిలించి, నల్లని నేపథ్యం మీద ఎర్రని సన్న అక్షరాలు తెరిచి చూడండి. కొన్ని టీవీలు రంగుల సమాచారాన్ని సగానికో పావుకో కుదించి తీసుకుంటాయి, అప్పుడు ఎరుపు అంచులు చెదిరి కనిపిస్తాయి. టీవీ మెనూలో ఆ ఇన్‌పుట్‌కు పీసీ అని పేరు పెడితే చాలా టీవీల్లో సరిపోతుంది. అయినా చెదురుతూనే ఉంటే ఆ టీవీ హాలులో క్రికెట్ చూడటానికి తీసుకెళ్లండి.