బీవర్ల వేట: 1820ల్లో ఆగిపోయిన అపోహలు, నేటి వాస్తవాలు

బీవర్లు పట్టడం నా పని అనగానే ఎదుటివాళ్లు రెండే అడుగుతారు. (బీవర్ అంటే చెట్లు కొరికి, వాగులకు అడ్డుకట్ట వేసి, నీళ్లలో కొమ్మల గూడు కట్టుకుని బతికే బొచ్చు జంతువు.) ఇంకా దీన్ని చట్టం ఒప్పుకుంటోందా? మీకు పాపం అనిపించదా? మొదటిదానికి జవాబు సులువు. కెనడాలోని ఉత్తర ఒంటారియోలో ఇది శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, సీజను తేదీలకు లోబడి చేసే పని. రెండోదాని దగ్గరికి తర్వాత వస్తాను. చాలామంది ఊహలో ఉన్న వేటగాడు 1820ల నాటివాడు. అతని మీద వాళ్లు వేసే నిందల్లో సగానికి పైగా నిజమే కూడా.

అపోహ: బీవర్ చేపలు తింటుంది.

తినదు. పూర్తి శాకాహారి. పాప్లర్, విల్లో చెట్ల బెరడు, నీటిమొక్కలు దాని తిండి. చలికాలానికి సరిపడా కొమ్మలను గూటి పక్కనే నీళ్లలో దాచుకుంటుంది. చేపలు తినేది నీటికుక్క. ఒంటారియోలో నీటికుక్కకూ వేట సీజను ఉంది. కానీ కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో కనిపించే నీటికుక్కల జోలికి వెళ్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నా మాటలు విని అక్కడ ఎవరూ ఉత్సాహపడొద్దు.

అపోహ: తోలు కోసం వేటాడటం వల్ల బీవర్లు అంతరించిపోతున్నాయి.

వాస్తవం: ఒకప్పుడు ఆ దాకా వెళ్లింది. 1670లో తోళ్ల వ్యాపారానికి హడ్సన్స్ బే కంపెనీ పుట్టడానికి ప్రధాన కారణం యూరప్‌లో బీవర్ టోపీల మోజు. బీవర్ బొచ్చులో పైన బిరుసు వెంట్రుకలు, లోపల మెత్తటి నూగు ఉంటాయి. ఆ నూగు పోగులకు సన్నని ముళ్లలాంటివి ఉండటంతో ఒకదానికొకటి అల్లుకుని గట్టి ఫెల్ట్, అంటే టోపీలు చేసే దళసరి గుడ్డ, అవుతుంది. చిత్రమేమిటంటే, మొదట్లో కొత్త తోలు కంటే ఆదివాసులు ఒంటికి కప్పుకుని వాడిన పాత తోలుకే ఎక్కువ గిరాకీ. ఏడాదో రెండేళ్లో ఒంటిని రాసుకుని బిరుసు వెంట్రుకలు రాలిపోయేవి, టోపీ చేసేవాడికి ఆ శ్రమ తప్పేది. 19వ శతాబ్దం మధ్యకు పట్టు టోపీలు వచ్చి ఆ మోజు తగ్గింది కానీ, 1900 నాటికి చాలా ప్రాంతాల్లో బీవర్ అన్నదే కనిపించకుండా పోయింది.

తర్వాత వేటను ఆపారు, మిగిలినవాటిని పట్టి ఖాళీ అయిన వాగుల్లో వదిలారు. 1948లో అమెరికాలోని ఐడహోలో 76 బీవర్లను చెక్కపెట్టెల్లో పెట్టి పారాచూట్లతో అడవిలోకి దించారు కూడా. ఇప్పుడు ఉత్తర అమెరికాలో వాటి సంఖ్య కోటికి పైనే అని అంచనా. అవి ఇలా నిలబడటంలో హద్దుల పాత్ర పెద్దదని నా అభిప్రాయం. 1926లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం రిజిస్టర్డ్ ట్రాప్‌లైన్ పద్ధతి మొదలుపెట్టింది. ఒక ప్రాంతం ఒకరి పేరున ఉంటుంది, ఇంకొకరు అక్కడ ఉచ్చు పెట్టకూడదు. ఈ ఏడాది చెరువు ఊడ్చేస్తే వచ్చే ఏడాది నష్టపోయేది నేనే. ఆదివాసీ కుటుంబాలు ఎవరి వేట నేల వారిదిగా అంతకు ఎంతో ముందునుంచే పాటిస్తున్నాయి. ప్రభుత్వం ఆలస్యంగా నేర్చుకుంది, అంతే.

అపోహ: ఉచ్చు అంటే పళ్లున్న ఇనుప దవడ. జంతువు రోజులకొద్దీ విలవిల్లాడుతుంది.

వాస్తవం: ఆ పళ్ల ఉచ్చు ఇక్కడ నిషేధం. బీవర్‌కు నేను వాడేది 330 సైజు చతురస్రపు ఉచ్చు. కెనడాకే చెందిన ఫ్రాంక్ కానిబేర్ అనే వేటగాడు రూపొందించిన నమూనా ఇది. మెడ మీదో ఛాతీ మీదో పడి వెంటనే చంపేయాలన్నది దాని ఉద్దేశం. 1997లో కెనడా, రష్యా, యూరోపియన్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బీవర్‌ను చంపే ఉచ్చు, పరీక్షించిన జంతువుల్లో కనీసం 80 శాతాన్ని 300 సెకన్లలోపు స్పృహ తప్పించాలి. 300 సెకన్లంటే ఐదు నిమిషాలు. అది తక్కువ సమయమేమీ కాదు, నొప్పే ఉండదని నేను చెప్పను. పాపం అనిపించదా అన్న ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే: అనిపిస్తుంది, అందుకే ఉచ్చు పెట్టే చోటు, స్ప్రింగు బలం రెండూ సరిచూడకుండా కదలను.

అపోహ: రాత్రి ఉచ్చు పెట్టి, పొద్దున తోలు తెచ్చుకోవడమే.

వాస్తవం: ఇది విన్నప్పుడే నాకు నిజంగా కోపం వస్తుంది. ముందు గూట్లో బీవర్లు ఉన్నాయో లేదో తేల్చుకోవాలి. ఉంటే వాటి ఊపిరి వెచ్చదనానికి గూటి కొప్పున నూగుమంచు పేరుకుంటుంది. అవి తిరిగే దారి మీద చెరువు మీది మంచుగడ్డ అడుగున తెల్లటి గాలిబుడగలు వరుసగా చిక్కుకుని ఉంటాయి. అక్కడ గడ్డ పలచన కూడా, కాబట్టి కాలు పెట్టే ముందు గునపంతో కొట్టి చూడాలి. తర్వాత రంధ్రం చేసి, పచ్చి పాప్లర్ కొమ్మను ఎరగా కట్టి ఉచ్చు దించాలి.

పెద్ద బీవర్ 25 కిలోల బియ్యం బస్తా అంత బరువు తూగుతుంది. దాన్ని మంచులో లాక్కొచ్చాక అసలు పని మొదలు. మస్క్‌రాట్ అనే చిన్న నీటి ఎలుక తోలు లాగితే చొక్కాలా ఊడి వస్తుంది. బీవర్ తోలు అలా రాదు, ప్రతి అంగుళం కత్తితో విడదీయాల్సిందే. దుంగ మీద పరిచి, రెండు పిడుల కత్తితో కొవ్వు గీకి, బొచ్చు లోపలికి ఉండేలా పలక మీద గుండ్రంగా మేకులు కొట్టి ఆరబెట్టాలి. గీకేటప్పుడు చిన్న గాటు పడినా లాగేసరికి అది పెద్ద కన్నమవుతుంది, ధర పడిపోతుంది. కొనేవాడు పొడవు, వెడల్పు అంగుళాల్లో కలిపి చూస్తాడు. 65 దాటితే దాన్ని బ్లాంకెట్ అంటారు.

ఇంతా చేస్తే డబ్బు? కొన్ని సీజన్లలో పెట్రోలు ఖర్చు కూడా రాదు.

అపోహ: చంపకుండా పట్టి వేరేచోట వదిలేయొచ్చు.

కొత్తచోట నిలదొక్కుకోలేక చాలా చచ్చిపోతాయి, లేదా అక్కడున్న కుటుంబం తరిమేస్తుంది. ఖాళీ అయిన చెరువులోకి, తల్లిదండ్రులను వదిలి బయటికొచ్చిన రెండేళ్ల బీవర్లు వచ్చి చేరతాయి. అయితే రోడ్డు కల్వర్టు మూసుకుపోవడమే సమస్య అయితే, నీరు పోయేలా కంచె, గొట్టం అమర్చే పద్ధతులు చాలాచోట్ల బాగా పనిచేస్తాయి. అలాంటిచోట నన్ను పిలవక్కర్లేదనే చెబుతాను.

అపోహ: తోలు తీసుకుని మాంసం పారేస్తారు.

క్రీ, డెనె, అనిషినాబే అనే ఆదివాసీ ప్రజలకు బీవర్ మాంసం ఇష్టమైన భోజనం. తోకను నిప్పుల మీద కాలిస్తే పైచర్మం పొంగి ఊడిపోతుంది, లోపలి కొవ్వు తింటారు. 17వ శతాబ్దంలో క్యాథలిక్ చర్చి బీవర్‌ను చేపల లెక్కలో వేసి, ఉపవాస దినాల్లో తినడానికి అనుమతించింది. తోక దగ్గరి గ్రంథులు చిట్లకుండా తీసేయాలి, లేకపోతే మాంసమంతా ఆ వాసనే. టులరీమియా అనే జబ్బు అంటుకునే వీలుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి, మాంసం బాగా ఉడకాలి. మా ఇంట్లో మిరియాలు, అల్లం వెల్లుల్లి వేసి కుక్కర్లో పెడతాం.

అపోహ: వెనిల్లా ఐస్‌క్రీములో బీవర్ గ్రంథి రసం కలుపుతారు.

కాస్టోరియం అనే ఆ పదార్థాన్ని ఆహారంలో వాడటానికి అమెరికాలో అనుమతి ఉన్నమాట నిజం. వాడకం మాత్రం నామమాత్రం, ఎందుకంటే అది ఖరీదు, దొరకడం కష్టం, వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్ కారుచౌక. నేను ఎండబెట్టి అమ్మే గ్రంథులు అత్తరు తయారీదారులకు, ఎర వాసనలు చేసే వేటగాళ్లకు వెళ్తాయి.