తందూర్‌లో వేసినా దాగని హత్య

శవాన్ని కాల్చేస్తే కేసు కూడా బూడిదైపోతుందని చాలామంది అనుకుంటారు, 1995 జూలై 2 రాత్రి ఢిల్లీలో యూత్ కాంగ్రెస్ లీడర్ సుశీల్ శర్మ కూడా అదే అనుకున్నాడు. భార్య నైనా సాహ్నిని ఫ్లాట్‌లో రివాల్వర్‌తో కాల్చి చంపి, శవాన్ని కార్లో బగియా రెస్టారెంట్‌కి తెచ్చి తందూర్ పొయ్యిలో పెట్టించాడు, మంట బాగా లేవాలని వెన్న కూడా వేశారట. పొగ చూసి వచ్చిన కానిస్టేబుల్ అబ్దుల్ నజీర్ కుంజుకి పాత పార్టీ బ్యానర్లు కాలుస్తున్నాం అని చెప్పారు. ఆయన నమ్మలేదు, లేకపోతే ఈ కేసే లేదు.

చోద్యం ఏంటంటే మొదటి పోస్ట్‌మార్టంలో కాలిన గాయాల వల్లే చనిపోయిందని రాసేశారు! తర్వాత ముగ్గురు డాక్టర్లు మళ్లీ చూస్తే, ఎక్స్‌రేలో తలలో ఒకటి మెడలో ఒకటి బుల్లెట్లు కనపడ్డాయి, కాలింది చనిపోయాకే అని తేలింది. మామూలుగా మనిషి బతికుండగా మంటల్లో చిక్కుకుంటే ఊపిరి తీసుకుంటాడు కదా, మసి శ్వాసనాళంలోకి పోతుంది, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, ఊపిరి ఆగిపోయాక కాలిస్తే ఇవి ఉండవు. ఇక బుల్లెట్ సంగతి, గన్ గొట్టం లోపలుండే గాడులు దాని మీద సన్నటి గీతలు పెడతాయి, అదే గన్‌తో ల్యాబ్‌లో ఇంకో రౌండ్ కాల్చి రెండింటినీ మైక్రోస్కోప్ కింద పక్కపక్కనే పెట్టి చూస్తారు. ఇక్కడ శర్మ రివాల్వర్‌తో కలిశాయి.

కానీ సగం కాలిన ఆ శవం నైనాదే అని కోర్టులో రుజువు చేయాలిగా, అక్కడే మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వచ్చింది, సైంటిస్ట్ లాల్జీ సింగ్ టీమ్. పైన ఎంత మాడినా లోపలి కండలో డీఎన్ఏ మిగిలే అవకాశం ఉంటుంది. మన డీఎన్ఏలో కొన్ని ముక్కలు మళ్లీ మళ్లీ రిపీట్ అవుతుంటాయి, ఎన్నిసార్లు అన్నది మనిషి మనిషికీ మారుతుంది, టెస్ట్‌లో ఆ ముక్కలు గీతల్లా కనపడతాయి, పిల్లల్లో కనపడే ప్రతి గీతా అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉండి తీరాలి. నైనా తల్లిదండ్రుల రక్తంతో పోలిస్తే సరిపోయింది. అన్నట్టు లాల్జీ సింగ్ ఈ టెస్ట్ కోసం తయారుచేసిన ప్రోబ్‌కి, అంటే ఆ రిపీట్ ముక్కల్ని పట్టి చూపించే చిన్న డీఎన్ఏ ముక్కకి, మూలం ఒక రకం కట్లపాము డీఎన్ఏ, పాముల్లో ఆడా మగా తేడా మీద రీసెర్చ్ చేస్తుంటే దొరికిందది.

ఒకటి మాత్రం చాలామంది కలిపేసి చెప్తుంటారు, డీఎన్ఏ చెప్పింది శవం ఎవరిదో అంతవరకే, చంపింది ఎవరో అది చెప్పలేదు, శర్మని హత్యకి ముడిపెట్టింది బుల్లెట్లూ ఫ్లాట్‌లో దొరికిన రక్తం మరకలూ సాక్షులూ. 2003లో ఉరిశిక్ష పడింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది.