ఎంజీబీఎస్ 'మ్'తో మొదలవుతుందా?

మా అక్క కూతురు యూకేజీ. పోయిన నెల ఒకరోజు వర్క్‌షీట్ నిండా ఎర్ర ఇంకు గీతలతో ఇంటికొచ్చింది. పైన కారు బొమ్మ, కింద తాళంచెవి, బంతి, గాలిపటం, చేప. కారు ఏ శబ్దంతో మొదలవుతుందో అదే శబ్దంతో మొదలయ్యేవాటికి సున్నా చుట్టాలి. ఇంగ్లీషు పేర్లలో కీ, కైట్ అన్నమాట. పాప దేనికీ చుట్టలేదు. ఎందుకు చుట్టలేదే అంటే, "కారుకి కా, కీకి కీ, కైట్‌కి కై. ఒక్కటి కూడా కలుస్తలేదు కదా మామా" అంది.

నవ్వొచ్చింది గానీ, దాని లెక్కలో తప్పేం లేదు. తెలుగు చెవికి మాట అక్షరాలుగా విడిపోతుంది. కమల అంటే క, మ, ల. పెద్దవాళ్లకు అర్థం కాకూడదని చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న క-భాష గుర్తుందా? "నేను రాను" అనడానికి "కనేకను కరాకను". ప్రతి అక్షరం ముందూ ఒక క. మాటను ఎక్కడ కోయాలో మనకెవరూ నేర్పలేదు. కానీ కమలను క్, అ, మ్, అ, ల్, అ అని ఆరు ముక్కలు చేసిన పిల్లను నేనైతే చూడలేదు.

తెలుగు పిల్లలే కాదు, ఇంగ్లీషు పిల్లలూ మొదట్లో ఇంతే. 1974లో ఇసబెల్ లిబర్మన్, ఆమె సహచరులు అమెరికా పిల్లల చేతికి చిన్న కర్ర ఇచ్చి, మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బల్ల మీద కొట్టమన్నారు. మన అక్షరాల్లాంటి పెద్ద ముక్కలైతే నాలుగేళ్ల వాళ్లలో దాదాపు సగం మంది సరిగ్గా కొట్టారు. విడి ధ్వనుల దగ్గర మాత్రం ఒక్కరూ నెగ్గలేదు. ఒకటో తరగతి చివరికి ఆ పని 70 శాతం మందికి వచ్చింది.

చెవిలో లోపమేమీ లేదు. బ, ప తేడాను నెలల పిల్లలే పట్టేస్తారని 1971లోనే పీటర్ ఐమాస్ బృందం చూపించింది. వినడం వేరు, విన్నదాన్ని విడదీయడం వేరు. అద్దం ముందు నిలబడి కీ, కూ అని చూడండి. కూ అనబోతుంటే, క్ ఇంకా బయటికి రాకముందే పెదాలు గుండ్రంగా చుట్టుకుంటాయి. కీకి అలా జరగదు. అంటే క్ లోపలే ఊ కలిసిపోయి ఉంది. ప్రయోగశాలలో టేపు మీద డి, డు శబ్దాల్లోంచి డ్‌ని కోసి తీద్దామని చూస్తే, విడిగా వినిపించింది డ్ కాదు, పిట్ట కూత లాంటి చప్పుడు. విడిగా లేనిదాన్ని విడిగా వినమంటున్నాం మనం, అదీ నాలుగేళ్ల పిల్లని.

వయసు వస్తే అదే వస్తుందా అంటే అదీ కాదు. 1979లో పోర్చుగల్‌లో చదువు రాని పెద్దవాళ్లను మాట ముందు ఒక ధ్వని చేర్చమనో, తీసేయమనో అడిగితే చాలామంది చేయలేకపోయారు. అలాంటి ఊళ్లవాళ్లే, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్లు చేయగలిగారు. ఈ చూపు లిపి నేర్చుకుంటూ ఉంటే వచ్చేది. మన లిపి అక్షరాలను చూపిస్తుంది కాబట్టి మన పిల్లలకు ముందు అక్షరమే కనిపిస్తుంది. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడం చదివే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ విడి ధ్వనుల ఎరుక నెమ్మదిగానే వచ్చింది.

నా మటుకు నాకు దీనికి మందు ఇంట్లోనే ఉందనిపిస్తుంది: గుణింతం. క కా కి కీ అని రాగం తీసి అప్పజెప్పిస్తాం గానీ, "వీటన్నిట్లో మారకుండా ఉన్నదేంటి?" అని ఒక్కసారి ఆగి అడగం. ఆ మారనిదే వర్క్‌షీట్ అడిగిన శబ్దం. అయితే క్‌తో మొదలుపెట్టకూడదు. అచ్చులను ప్రాణాలు, హల్లులను ప్రాణులు అన్నారు మన వ్యాకరణంలో. ప్రాణం లేకుండా క్, ట్, బ్‌లను పలకబోతే వెనకాల ఒక అ వచ్చి అతుక్కుంటుంది. "బ, యా, ట" అని ఎంత గట్టిగా అరిపించినా అది బ్యాట్ అవదు, బయాట అవుతుంది. మ్, స్ అలా కాదు, ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు.

అందుకే మేం మ్‌తో మొదలుపెట్టాం, హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మియాపూర్ మెట్రో ఎక్కి. మ్ స్టేషన్ వస్తే ఒక పాయింటు. మూసారాంబాగ్ దగ్గర "మ్‌మ్‌మ్‌మూ" అని సాగదీసింది. మలక్‌పేటకి "మ్‌మ్‌మ్‌మ" అని, ఒక్క క్షణం ఆగి, "రెండిట్లో నోరు మూసుకుంటున్నా మామా" అంది. కా, కీల దగ్గర కలవనిది ఇక్కడ పెదాల మీద కలిసింది.

తర్వాతి స్టేషన్ ఎంజీబీఎస్. బోర్డు మీద ఇంగ్లీషు ఎం చూసి నేనే పాయింటు ఇవ్వబోయాను. "యెం కదా, మ్ ఎక్కడుంది?" అంది. నిజమే, ఎం అనే పేరులో మ్ చివర్లో ఉంటుంది. ఎఫ్, ఎల్, ఎస్‌లదీ అదే వరస. డబ్ల్యూ పేరులోనైతే దాని శబ్దమే లేదు. వై పేరు విని, వ్ శబ్దానికి వై అక్షరం రాసే అమెరికా పిల్లల గురించి రెబెకా ట్రైమన్ 1994లోనే రాశారు. ఏబీసీడీలు గడగడా అప్పజెప్పే పిల్ల తొలి శబ్దం దగ్గర తడబడుతోందంటే మొద్దు అని కాదు, పేరును నమ్ముతోందని.

ఎర్రగడ్డ వచ్చింది. "ఇది య్ స్టేషన్" అని ప్రకటించింది. కాదు, ఎ అన్నాను. "నువ్వు కూడా యెర్రగడ్డ అనే అంటున్నావ్" అంది. మళ్లీ పలికి చూసుకున్నాను. యెర్రగడ్డే. ఎగ్గుని కూడా మనం యెగ్గు అనే అంటాం కదా, రేపు వర్క్‌షీట్‌లో గుడ్డు బొమ్మ వస్తే దీనికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే మూసాపేట వచ్చేసింది. దానికి ఇంకో పాయింటు.